మొదటి రేకు మునగచెట్టు దయ్యానికి

కౌశీ, ఆ దిండు ఇలా పడెయ్యి నాన్నా. నువ్వు నా ఎడం పక్కకి రా, కుడి మోకాలు సలుపుతోంది. లాస్యమ్మా, నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటానంటే అలాగే పడుకో. కథ వినేది చెవులతో కదా, నాకేం ఇబ్బంది లేదు. పొద్దున్నించీ దీనికి కోపం. ఎవరి మీదో నాకు తెలుసు, చెప్పను. ముందు కథ.

ఒక్క మాట. నేను చెబుతున్నంతసేపూ మీలో ఎవరో ఒకరు ఊఁ అంటూ ఉండాలి. ఊఁ ఆగిందంటే నేను గుర్రు పెట్టేస్తాను, ఆ తర్వాత నన్ను లేపడం మీ తాతయ్య వల్లే కాలేదు. ఏదీ, ఒక ఊఁ. ఆఁ, అలాగ.

అనగనగనగా, నేను పుట్టకముందు, మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ పుట్టకముందు, గోదారి కాలవ పక్కన ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో ఎవరినీ అమ్మానాన్నా పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు కాదు. ఊరు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు. ఎలాగంటావా? ఒకాయన కుర్రతనంలో ఓసారి నూతిలో చేద జారవిడిచాడు. అంతే, ఆయన చేదరావు. జుట్టు నెరిసినా చేదరావే, మనవలు పుట్టినా చేదరావే. ఒకావిడ ఎప్పుడో ఓ పండక్కి పులుసులో రెండోసారి ఉప్పేసింది. ఉప్పులమ్మ. ఆ తర్వాత ఆవిడ ఎంత కమ్మగా వండినా ఉప్పులమ్మే. ఒక పిల్లాడు పదిమందిలో పద్యం చెబుతూ మధ్యలో మర్చిపోయి నీళ్ళు నమిలాడు. వాడు నీళ్ళబాబు. నవ్వుతున్నావు కానీ కౌశీ, నువ్వా ఊళ్ళో పుడితే నీకేం పేరు పెట్టేవాళ్ళో నాకు తెలుసు. పక్కబట్టలు ఎందుకు ఆరేశామో నేనెవరికీ చెప్పలేదులే.

వాళ్ళేం చెడ్డవాళ్ళు కారర్రా. ఒకరికి జ్వరమొస్తే నలుగురు జావ కాచి పట్టుకొచ్చేవాళ్ళు. కానీ ఎవరైనా చెయ్యి జారితే మాత్రం నవ్వకుండా ఉండలేకపోయేవాళ్ళు. నవ్వినవాళ్ళు సాయంత్రానికి మర్చిపోయేవాళ్ళు, నవ్వించుకున్నవాళ్ళు చచ్చేదాకా మోసేవాళ్ళు. అందుకని ఏమైందంటే, ఆ ఊళ్ళో కొత్తపని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదట. కుమ్మరాయన వాళ్ళ నాన్న చేసిన కుండే చేసేవాడు. నేతాయన వాళ్ళ తాత వేసిన అంచే వేసేవాడు. రాని పని జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు, కాబట్టి రాని పని రాకుండానే ఉండిపోయేది.

వింటున్నారా? ఊఁ పల్చబడింది.

ఆ ఊరి మొత్తానికీ మారుపేరు లేని మనిషి ఒక్కతే ఉండేది, పేరిందేవమ్మ. ఆవిడ పూతరేకులు చేసేది. మీరు కాగితం ఒలవకుండా తినబోతారే ఆ పూతరేకులే. ఎలా చేస్తారో చూశారా ఎప్పుడైనా? కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. కింద ఎండు కొబ్బరాకులతో మంట. పిండి పాలలా పల్చగా కలుపుతారు. పల్చటి గుడ్డ ఆ పిండిలో ముంచి కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. చుయ్యిమంటుంది. రేకు దానంతటదే పైకి లేస్తుంది, అవతలున్న మనిషి మొహం ఆనేంత పల్చగా. పేరిందేవమ్మ చేతిలో రేకు చిరగడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరట. రాజుగారికి పట్టాభిషేకం జరిగిన రోజని ప్రతి ఏడూ పండగ చేస్తే, ఈవిడ ఇంటినుంచి బుట్టెడు పూతరేకులు కోటకి వెళ్ళాలి. అందుకని రాజుగారు వాళ్ళకి ఇల్లూ, దొడ్డీ, దొడ్లో కొబ్బరిచెట్లూ ఇచ్చారు. బుట్ట వెళ్ళినంతకాలం ఇల్లు వాళ్ళది. బుట్ట ఆగిందా, రేకులు చెయ్యగలిగిన ఇంకొకరికి ఇల్లప్పజెప్పాలి. అదీ కట్టుబాటు.

ఆవిడకొక కొడుకు, బంగారయ్య. పేరుకి తగ్గట్టు మనిషి బంగారమే, బుర్ర మాత్రం కొంచెం ఖాళీ. వాడికి పక్కూరినుంచి మాణిక్యం అనే పిల్లని చేసుకున్నారు. చురుకైన పిల్ల, కుదురుగా ఓచోట కూర్చోదు. ఏ పనైనా చూస్తే చాలు, దాని వేళ్ళు ఊరుకునేవి కావు. అత్తారింటికి రాగానే పొయ్యి దగ్గర చేరింది.

అత్తయ్యా, పిండి నేను రుబ్బుతానూ అంటే, వద్దు తల్లీ, నీ చేతులు నొప్పెడతాయి, నేను రుబ్బుతాలే అనేది అత్తగారు. అత్తయ్యా, మంట నేను చూస్తానూ అంటే, వద్దు తల్లీ, నీ కళ్ళు మండుతాయి, నేను చూస్తాలే అనేది. అత్తయ్యా, గుడ్డ నేను లాగుతానూ అంటే, అమ్మో వద్దు తల్లీ, నీ వేళ్ళు కాలతాయి, నేను లాగుతాలే అనేది. మరి నేనేం చెయ్యను అత్తయ్యా అంటే, నువ్వు కూర్చుని తిను అనేది. ఎంత మంచి అత్తగారో చూడండి. కోడలికి జడలు వేసేది, చేప ముల్లు తీసి పెట్టేది. కొట్టే అత్తగారైతే పోట్లాడొచ్చు. ఇంత ముద్దుచేసే అత్తగారితో ఎవరు పోట్లాడగలరు? అలా ఏడాది గడిచింది. మాణిక్యం నునుపుగా తయారైంది, చేతికి మాత్రం ఏ పనీ రాలేదు.

ఆ యేడు వానాకాలం దొడ్లో పాచి పట్టింది. పేరిందేవమ్మ నూతి గట్టు దగ్గర కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. వైద్యుడొచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టుకట్టి, అమ్మా, ఇది అతుక్కుంటుంది కానీ ఇదివరకటిలా తిరగదు అని చెప్పి వెళ్ళిపోయాడట. రాజుగారి పండగేమో దగ్గరపడుతోంది. ఇంట్లో ముగ్గురూ మూడు మూలల్లో కూర్చున్నారు.

బంగారయ్య ఆలోచించి ఆలోచించి, అమ్మా, రాజుగారిని పండగ వచ్చే ఏడుకి మార్చుకోమని అడిగొస్తానే అన్నాడట. తల్లి ఎడంచేత్తో నెత్తి కొట్టుకుంది. పోనీ నేనే చేస్తానని లేచి, చిన్న గుడ్డైతే చాలదనుకుని తలపాగా మొత్తం పిండిలో ముంచి కుండ మీద పరిచాడు. కుండ చల్లారిపోయింది, తలపాగా ఉడికిపోయింది. కౌశీ, దొర్లకు, దుప్పటి నా మీంచి పోతోంది.

మాణిక్యం అడిగింది, అత్తయ్యా, నేను ప్రయత్నం చేస్తానని. అప్పుడు కూడా పేరిందేవమ్మ ఏమందంటే, నీ వల్ల కాదమ్మా, పది మందిలో నవ్వులపాలవుతావు, ఇల్లు పోతే పోయింది, నీకు మారుపేరు పడితే నేను చూడలేను అంది. ప్రేమతోనే అంది. కానీ నీ వల్ల కాదు అన్న మాట మాత్రం ఆ పిల్ల గుండెల్లో ముల్లులా దిగింది.

మిట్టమధ్యాహ్నం అత్తగారు కునుకు తీసింది. మొగుడు కొబ్బరాకులేరడానికి పోయాడు. మాణిక్యం నెమ్మదిగా దొడ్డి పాకలోకెళ్ళి పొయ్యి రాజేసింది. కుండ బోర్లించింది. పిండి కలిపింది. చూడండి ఇప్పుడు. గుడ్డ ముంచింది, కుండ మీద లాగింది, చుయ్యిమంది, రేకు లేచింది, చిరిగింది. మళ్ళీ గుడ్డ ముంచింది, కుండ మీద లాగింది, చుయ్యిమంది, రేకు లేచింది, చిరిగింది. వేలు కాలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారేమోనని ఆ చిరిగిన ముక్కలన్నీ ఒళ్ళో వేసుకుని పరిగెత్తి, దొడ్డి చివర మునగచెట్టు మొదట్లో పారేసింది.

పైనుంచి ఎవరో, చల్లగా ఉండు తల్లీ, చాలా ఆకలిగా ఉంది అన్నారు.

తలెత్తి చూస్తే మునగకొమ్మ మీద ఒక దయ్యం. దగ్గరికి రా నాన్నా, భయపడకు. ఈ దయ్యం ఎవరినీ పట్టేది కాదు. దాన్నే ఎవరైనా పట్టుకుంటే బాగుండుననేంత బక్కది. మునగకొమ్మ ఎంత పెళుసో మీకు తెలీదు, కాకి వాలితే విరుగుతుంది. అలాంటి కొమ్మ మీద ఈ దయ్యం కూర్చుంటే ఆకైనా కదల్లేదట, అంత తేలిక. కిందకి దిగి, ఆ చిరిగిన రేకులు రెండు చేతులతో ఏరుకుని తింటోంది, ఎన్నాళ్ళ ఆకలో మరి.

మాణిక్యానికి భయం పోయి జాలేసింది. ఏం తింటావు నువ్వు, ఎందుకిలా చిక్కిపోయావు అని అడిగింది. అప్పుడు దయ్యం తన గోడు చెప్పుకుంది. ఎవరైనా ఒక పని కొత్తగా మొదలుపెడితే ముందు పాడవుతుందే, ఆ పాడైనదే నా తిండి తల్లీ. వేరేది నాకు అరగదు. కుమ్మరి దొడ్డికి పోయాను, కొత్త కుండ లేదు, వంకర కుండ లేదు, నాకు పెంకు లేదు. నేతాయన ఇంటికి పోయాను, కొత్త అంచు లేదు, తెగిన పోగు లేదు, నాకు పీలిక లేదు. పాటలు నేర్చుకునే పిల్ల ఇంటికి పోయాను, పిల్ల నోరు తెరవదు, తెరవకపోతే అపస్వరం లేదు, నాకు ఆ కాస్తా లేదు. ఈ ఊళ్ళో ఎవరికీ ఏదీ పాడవడం లేదు, నేను మాడి చస్తున్నాను అంది. చచ్చిన దయ్యం మళ్ళీ చావడమేంటని అడగబోతున్నావు కదూ. అడక్కు, కథ చెడుతుంది.

మాణిక్యానికి నవ్వొచ్చింది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. అయితే నీకు మంచి రోజులొచ్చాయి, నా దగ్గర చిరుగులు బోలెడున్నాయి, కడుపునిండా తిను, అత్తయ్యకి మాత్రం చెప్పకు అంది.

ఇక చూస్కోండి. రోజూ మిట్టమధ్యాహ్నం అత్తగారికి కునుకు, కోడలికి పొయ్యి, దయ్యానికి విందు. గుడ్డ ముంచింది, కుండ మీద లాగింది, చుయ్యిమంది, రేకు లేచింది, చిరిగింది, దయ్యం తినేసింది. ఊరికే తినడమా? ఊరందరి పాడైన పనులూ తరాలుగా తిన్న దయ్యం కదా, తప్పుకి రుచి చెప్పేది. ఇవాళ్టిది అంచు దగ్గర మందంగా ఉందమ్మా, పిండి చిక్కనైంది అనేది. ఇది మాడు వాసనొస్తోంది, మంట ఎక్కువ పెట్టావు అనేది. పాపం మాణిక్యానికి తప్పులు చెబితే కోపమొచ్చేది మొదట్లో. తర్వాత్తర్వాత అదే అడగడం మొదలెట్టింది, ఇవాళ ఏం రుచిగా ఉందో చెప్పవే అని. పిండి సరైంది. మంట సరైంది. అయినా ప్రతి రేకూ సరిగ్గా నడిమికే చిరిగేది. అదెందుకో దయ్యానికీ తెలీలేదు. రుచి బాగానే ఉందమ్మా, నడుమ కొంచెం భయం రుచి తగులుతోంది అనేది.

ఇంతలో ఇంకో సంగతి. తిని తిని దయ్యం లావెక్కింది. బుగ్గలొచ్చాయి, పొట్టొచ్చింది. ఊఁ అనండి, ఇక్కడే అసలు కథ.

ఓ మధ్యాహ్నం ఆ లావు దయ్యం అలవాటుగా మునగకొమ్మెక్కి కూర్చుని, రేకు నోట్లో పెట్టుకుందో లేదో, కొమ్మ ఫెళ్ళున విరిగి దబ్బున కిందపడింది. ఆ చప్పుడికి పేరిందేవమ్మ ఉలిక్కిపడి లేచింది. దొంగ పడ్డాడనుకుని, కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని దొడ్లోకొచ్చింది. చూస్తే ఏముంది? పాకలో పొయ్యి మండుతోంది. కోడలి మొహం నిండా పిండి, వేళ్ళ నిండా బొబ్బలు. నేలంతా చిరిగిన రేకులు. మునగచెట్టు కింద దయ్యం బోర్లా పడి ఉంది, నోట్లో రేకు ముక్క.

మాణిక్యం గుడ్డ వెనక్కి దాచుకుంది. ఇవాళ నన్ను పుట్టింటికి పంపేస్తారు అనుకుంది. పేరిందేవమ్మ కోడలివైపు చూడలేదు. దయ్యంవైపు చూసింది. నువ్వింకా ఇక్కడే ఉన్నావా అంది నెమ్మదిగా.

ఎక్కడికి పోతాను పేరిందేవీ, నీ చేతి తిండి తిని పెరిగినదాన్ని కదా అంది దయ్యం.

అర్థమైందా మీకు? పేరిందేవమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆవిడ రేకులూ చిరిగాయి. ఈ పిల్ల చింపినవాటికంటే ఎక్కువ చిరిగాయి. ఎవరైనా చూస్తే మారుపేరు పడుతుందని ఆవిడా ఒళ్ళో వేసుకుని పరిగెత్తి ఇదే చెట్టు మొదట్లో పారేసేది. రేకులు కుదురుకున్నాక ఇటువైపు రావడమే మానేసింది. ఆ చిరుగుల రోజులు అసలు లేనేలేవనుకుంది. ఏళ్ళ తరబడి లేవనుకుంటే నిజంగానే లేకుండా పోతాయిగా, ఆవిడకి తను పుట్టుకతోనే రేకులు లాగినట్టు అనిపించేది.

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది. నిన్ను ముద్దుగా చూసుకుంటున్నాననుకున్నానే మాణిక్యం, నీ చేతిలోంచి నీ చిరుగులన్నీ లాక్కున్నానే అంది. కోడలు కూడా ఏడ్చింది. దయ్యం ఏడుద్దామనుకుంది కానీ నోట్లో రేకుంది.

కళ్ళు తుడుచుకుని అత్తగారు ఒక చిరిగిన రేకు ఎడంచేత్తో ఎత్తి వెలుగుకి పట్టింది. చూడు తల్లీ, నడిమికి చిరుగుతోంది, ఎందుకంటే సగం దాకా లాగి అక్కడ నీ చెయ్యి ఆగుతోంది, చిరుగుతుందేమోనని భయపడి ఆగుతోంది, ఆగినచోట పిండి పేరుకుంటోంది, అక్కడే చిరుగుతోంది అంది. గుడ్డ కుండ మీద పడ్డాక చివరిదాకా పోనీ, చిరిగితే తినేవాళ్ళున్నారు అంది. ఆ రోజునించీ అత్తగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చునేది. వదిలెయ్ నేను చేస్తాలే అన్న మాట నోటిదాకా వచ్చేది, పెదవి కొరుక్కునేది. కోడలికి వేలు కాలినప్పుడల్లా ఆవిడ ప్రాణం విలవిల్లాడేది. అయినా లేచేది కాదు. నిజం చెప్పనా, అలా లేవకుండా కూర్చోవడం ఆవిడకి రేకులు నేర్చుకోవడంకంటే కష్టమైంది.

లాస్యమ్మా, ఊఁ నువ్వన్నావా ఇప్పుడు? లేదులే, గాలేమో.

సరే. ఇంతలో ఉప్పులమ్మ మజ్జిగ తోడు కోసం వచ్చి, గోడ మీంచి తొంగి చూసి, చిరిగిన రేకుల కుప్ప చూసేసింది. పొద్దుగూకేసరికి ఊరంతా పాకింది. మాణిక్యానికి పేరు పడింది, చిరుగులమ్మ. నీళ్ళకెళ్తే చిరుగులమ్మ, కూరలకెళ్తే చిరుగులమ్మ. బంగారయ్య సంతనుంచి ఏడుస్తూ వచ్చాడు, నన్ను చిరుగులమ్మ మొగుడంటున్నారే అమ్మా అని. మాణిక్యం గుడ్డ పిండి గిన్నెలో పడేసింది. ఇక నేను ముట్టుకోను అత్తయ్యా, ఇల్లు పోనీ, ఊరే పోనీ, నాకు రాదు అని తలుపేసుకుని పడుకుంది. అచ్చం ఇలాగే, గోడవైపు తిరిగి.

తెల్లారింది. నూతి దగ్గర ఊరు ఊరంతా చేరింది, అదే వాళ్ళ కచేరీ. పేరిందేవమ్మ కట్టుకట్టిన చెయ్యేసుకుని అక్కడికి నడిచింది. మాణిక్యం కంగారుపడి వెనకాలే పరిగెత్తింది. ఆవిడ నూతి గట్టెక్కి నిలబడి, అందరూ వినండర్రా అంది. మా ఇంట్లో చిరుగులమ్మ ఉందని చెప్పుకుంటున్నారట, ఉన్న మాటే, కానీ అది నేను, మా కోడలు చిన్న చిరుగులమ్మ, పెద్ద చిరుగులమ్మని నేనుండగా దానికి ఆ పేరెలా ఇస్తారు అంది. తను ఎన్ని చింపిందో, ఎక్కడ దాచిందో, అన్నీ విడమరిచి చెప్పింది. ఎంత సిగ్గుపడిందో, ఆ సిగ్గుకి భయపడి కోడలి చెయ్యి ఎలా కట్టేసిందో అదీ చెప్పింది. జీవితమంతా మారుపేరు పడకుండా కాచుకున్న మనిషి, ఆ పరువు తనంతట తనే ఊరి నడిమిన పోగొట్టుకుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో వాళ్ళకి తెలీలేదు. అప్పుడు ముసలి చేదరావు ముందుకొచ్చాడు. వదినా, ఆ రోజు చేద జారిందగ్గర్నించీ నేను నూతి జోలికే పోలేదు, మా ఇంట్లో నీళ్ళన్నీ మా ఆవిడే తోడింది, పాపం దాని నడుం వంగిపోయింది అన్నాడు. అని చేంతాడు చేతిలోకి తీసుకున్నాడు. చేద దింపాడు. నీళ్ళు నిండాయి. పైకి లాగుతున్నాడు, లాగుతున్నాడు, ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది, గట్టుదాకా వచ్చింది. జారింది. బుడుంగుమంది.

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత వాళ్ళావిడ నవ్వింది. తర్వాత ఊరంతా నవ్వింది, కానీ ఈసారి ఆయనతో కలిసి నవ్వింది, ఆయన్ని చూసి కాదు. నవ్వుతూనే ఎవరో గాలం తెచ్చారు, చేద పైకి తీశారు, ఆయన మళ్ళీ దింపాడు. వాళ్ళావిడ మటుకు గట్టు మీద కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆవేళ దొడ్లో దయ్యానికి ఏమీ తినకుండానే త్రేన్పొచ్చిందట.

మాణిక్యం ఇంటికెళ్ళింది. పొయ్యి రాజేసింది. గుడ్డ ముంచింది, కుండ మీద లాగింది, చివరిదాకా లాగింది, చుయ్యిమంది, రేకు లేచింది.

చిరగలేదు.

అత్తగారు కోడలి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. దయ్యం మాత్రం చెట్టు వెనకనుంచి బిక్కమొహంతో, మరి నాకో అంది. మాణిక్యం ఆ రేకు అంచు తుంపి ఇవ్వబోతే, వద్దమ్మా, బాగా వచ్చినవి నాకు అరగవు, నువ్వు బుట్ట నింపుకో అని మళ్ళీ మొండికొమ్మెక్కి కూర్చుంది. దయ్యమైనా దానికెంత మనసో చూడండి. ఇక మాణిక్యం చెయ్యి ఆగలేదు. రోజూ కుండ వేడెక్కేవరకూ మొదటి రేకొకటి చిరిగేది, అది దయ్యానికి. తర్వాతవన్నీ నెయ్యి రాసి, బెల్లం చల్లి, మడతపెట్టి బుట్టలోకి.

పండగ రోజు బంగారయ్య బుట్ట నెత్తిన పెట్టుకుని కోటకెళ్ళాడు. మరి ఆయన బుర్ర సంగతి మీకు తెలుసుగా. దయ్యం కోసం తీసి పెట్టిన చిరిగిన రేకు కూడా బుట్టలో పైనే పెట్టుకుపోయాడు. రాజుగారు మూత తీశారు. పైన చిరిగిన రేకు. కొలువంతా మెడలు చాచి చూసింది. ఇదేమిటయ్యా, మీ ఇంటి రేకు చిరగడం మేమెప్పుడూ చూడలేదే అన్నారు రాజుగారు. బంగారయ్యకి అబద్ధమాడ్డం చేతకాదు. అయ్యో ప్రభూ, అది తమది కాదు, మా దయ్యానిది అన్నాడు. అని మొదట్నుంచీ చివరిదాకా కథంతా చెప్పాడు, నేను మీకు చెప్పినట్టే, కాకపోతే తలపాగా ఉడికిన ముక్క దాటేశాడు.

రాజుగారు కింద ఉన్న రేకొకటి తీసి నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఇంకోటి వేసుకున్నారు. అత్తగారి చెయ్యే వచ్చింది కోడలికి, ఆ ఇల్లు వాళ్ళదే అన్నారు. ఆ చిరిగిన రేకు మాత్రం వెండిపళ్ళెంలో పెట్టించి, పల్లకీలో ఎక్కించి, ఎవరిది వాళ్ళకి అప్పజెప్పండి అని పంపించారట. దయ్యానికి పల్లకీలో భోజనం. ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది.

అయిపోయిందనుకున్నారా? లేదు, ఇంకాస్త ఉంది.

కొన్నాళ్ళకి మాణిక్యం చెయ్యి ఎంత కుదిరిపోయిందంటే మొదటి రేకు కూడా చిరగడం మానేసింది. దయ్యం మళ్ళీ చిక్కిపోతోంది. ఊళ్ళోకి పోతే కుమ్మరాయన కొత్తరకం కూజా చేస్తున్నాడు, నీళ్ళబాబు పద్యాలు మొదలెట్టాడు, అక్కడ కొంత దొరుకుతోంది కానీ, అలవాటుపడ్డ నోరు కదా, దానికి రేకు మీదే మనసు. ఓ మధ్యాహ్నం చెట్టు కింద దిగులుగా కూర్చుంటే అడుగుల చప్పుడైంది. తలెత్తి చూస్తే పేరిందేవమ్మ.

ఆవిడ కుడిచెయ్యి కట్టు విప్పారు కానీ, వైద్యుడు చెప్పినట్టే మణికట్టు తిరగలేదు. ఇక నువ్వు కూర్చుని తిను అత్తయ్యా, నేను చేస్తాలే అంది కోడలు. అని, తన నోటినుంచి వచ్చిన మాట తనే విని, నాలిక్కరుచుకుని గుడ్డ తీసి అత్తగారి ఎడంచేతిలో పెట్టింది. జుట్టంతా నెరిసిపోయిన పేరిందేవమ్మ, రేకుల పేరిందేవమ్మ, ఎడంచేత్తో గుడ్డ ముంచింది, కుండ మీద లాగింది, చుయ్యిమంది, రేకు లేచింది, చిరిగింది. ఈసారి ఒళ్ళో దాచుకోలేదు. అందరూ చూస్తుండగా అరిటాకులో పెట్టుకుని, మెల్లిగా దొడ్డి చివరిదాకా నడిచొచ్చి, దయ్యం ముందు పెట్టింది. తిని చెప్పవే ఎలా ఉందో అంది.

దయ్యం తింది. ఎన్నేళ్ళైందే పేరిందేవీ, అదే రుచి అంది. అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది, దయ్యానికి కొంగేమిటని అడక్కండి.

అంతేనర్రా. రాని పని చేతిలోకి తీసుకుంటే ముందు చిరుగుతుంది. ఎవరికైనా చిరుగుతుంది. చిరిగినదాన్ని చూసి నేర్చుకోవాలి, తర్వాత దయ్యానికి పెట్టేసి మళ్ళీ గుడ్డ ముంచాలి. ఇంకొకళ్ళ చేతిలో చిరిగితే గుడ్డ లాక్కోకూడదు.

ఇక ఇప్పుడు చెబుతాను, కోపం ఎవరి మీదో. పొద్దున్న మీ అమ్మ లేవకముందు ఒకమ్మాయి అట్టు పోసింది. అది పెనానికి అంటుకుంది, ముక్కలైంది. ఆ ముక్కలు అరటితొక్కల కింద కప్పెట్టి, పొయ్యి ఆర్పేసి, నాకు వంట రాదు, ఎప్పటికీ రాదు అని తన మీద తనే కోపం తెచ్చుకుని కూర్చుంది. చెత్తబుట్ట నేను తీశానమ్మా, అందుకని తెలిసింది. మెతక ముక్కలు, అంచు మాత్రం కరకరలాడుతోంది, బాగా వచ్చింది అంచు. పెనం కాలకముందే పిండి పోశావు, అంతే. అదీ దయ్యానిదే, మన దొడ్లో మునగచెట్టు మొదట్లో పెట్టి వచ్చాను.

ఏంటీ? గట్టిగా చెప్పు, గోడకి చెబితే నాకెలా వినపడుతుంది.

నా ఫోనా?

అమ్మ దొంగా. ఇంతసేపూ ఊఁ అనకుండా ఇదా ఆలోచిస్తున్నావు? నిజమే, మీ మామయ్య కొనిచ్చిన దగ్గర్నుంచీ అది బీరువాలోనే ఉంది. నిజమే, మీరు నేర్పుతానంటే నాకెందుకులే, మీరే కలిపి ఇవ్వండి అంటున్నాను. తప్పు నొక్కితే ఎవరికి పోతుందో, ఎవరు నవ్వుతారోనని భయం నాకు. నవ్వకు కౌశీ.

సరే. రేపు పొద్దున్న లాస్య అట్టు పోస్తుంది, నేను మామయ్యకి ఫోన్ చేస్తాను. నా వేలు నువ్వు పట్టుకోకూడదు, నీ గరిటె నేను పట్టుకోను. అది పాలబ్బాయికి పోయినా, పంచాయతీ ఆఫీసుకి పోయినా పోనీ, మొదటిది దయ్యానిది. దయ్యానికి రేపు రెండు రకాలు.

ఇదిగో, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. దీపం ఆర్పెయ్యి కౌశీ. లాస్యమ్మా, ఇటు తిరిగావే. రా, నా చెయ్యి మీద తల పెట్టుకో.